ఏది ఎంత మాస్టారూ?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. నాది ఒక అర మార్కు జ్ఞాపకం. పదో తరగతి యూనిట్ టెస్టులో ‘భూగర్భంలో వేడికి కారణమేమి?’ అని ఒక మార్కు ప్రశ్న. ‘భూమి పుట్టినప్పటి వేడి ఇంకా చల్లారకపోవడం’ అని రాశాను. సైన్సు మాస్టారు అర మార్కే వేశారు. స్టాఫ్ రూముకి వెళ్ళి అడిగాను.

“నువ్వు రాసింది సగమేరా. రాళ్ళలో యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి. వాటి రేడియోధార్మికత వల్ల కూడా వేడి పుడుతుంది” అన్నారు.

“ఏది ఎంత మాస్టారూ?”

“అది ఎవరికీ కచ్చితంగా తెలీదురా. లోపలికి వెళ్ళి చూసొచ్చినవాడు లేడు.”

తెలీదు అని ఒప్పుకున్న మాస్టారిని చూడటం నాకు అదే మొదటిసారి. ఆయన ఇవాళ ముందు వరుసలో కూర్చున్నారు. ఆ ప్రశ్నకి కొంత జవాబు దొరికింది. అది ఆయనకి చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను.

మాస్టారన్నది నిజమే. రష్యాలోని కోలాలో మనిషి తవ్విన అతి లోతైన బోరు 12,262 మీటర్లు. భూమి కేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. అంటే మామిడికాయ తొక్కయినా పూర్తిగా గీకలేదన్న మాట. నేను థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసేవాణ్ణి. బాయిలర్ లోపలికి మేమూ వెళ్ళం, బయటికొచ్చే సంకేతాన్ని చదువుతాం. భూమి విషయంలో ఆ సంకేతం న్యూట్రినో. యురేనియం, థోరియం క్షీణించినప్పుడల్లా వేడితో పాటు ఇవీ పుడతాయి. సరిగ్గా చెప్పాలంటే యాంటీన్యూట్రినోలు. వేడి పైకి రావడానికి కోట్ల ఏళ్ళు పడుతుంది. ఇవి వేల కిలోమీటర్ల రాయిని దాటి క్షణంలో బయటికొస్తాయి. నేను మాట్లాడుతుండగానే మీ గోరంత చోటులోంచి సెకనుకి లక్షల్లో పోతున్నాయి. అంత సులువుగా పోయేదాన్ని పట్టుకోవడమే కష్టం.

జపాన్‌లోని కమియోకాలో పాత గనిలో, కొండ కింద సుమారు కిలోమీటరు లోతున, 13 మీటర్ల బెలూన్‌లో వెయ్యి టన్నుల నూనె నింపారు. కిరసనాయిలు జాతి నూనె, అందులో వెలుగునిచ్చే రసాయనం. చుట్టూ 1,879 కాంతి గొట్టాలు కాపలా. దాని పేరు కామ్‌ల్యాండ్. ఎప్పుడో ఒక యాంటీన్యూట్రినో ఒక ప్రోటాన్‌ను తాకితే ఒక మెరుపు, సెకనులో సుమారు ఐదువేలవ వంతు తరువాత ఇంకో మెరుపు. ఈ జంట మెరుపే ఆనవాలు.

749 రోజులు చూసి 2005లో ఫలితం ప్రకటించారు. మొత్తం 152 జంట మెరుపులు. అందులో సగానికి పైగా జపాన్ అణు రియాక్టర్ల నుంచి వచ్చినవి, ఇంకొన్ని నూనెలోని మలినాల వల్ల వచ్చినవి. అవన్నీ తీసేస్తే భూమివి సుమారు 25. అటూ ఇటూ 19 తేడా ఉండొచ్చని వాళ్ళే రాశారు. మా ప్లాంటులో అలాంటి రీడింగు చూపిస్తే షిఫ్ట్ ఇంజనీరు నన్ను తరిమేసేవాడు. అయినా భూమి లోపలి నుంచి వచ్చిన మొదటి రీడింగు అదే. 2011లో ఫుకుషిమా ప్రమాదం తరువాత అక్కడి రియాక్టర్లు ఆగిపోయాయి. ఒక దేశానికి వచ్చిన కష్టం ఈ పరికరానికి నిశ్శబ్దాన్నిచ్చింది. 2013 లెక్కకి భూమివి 116 అయ్యాయి.

మన పక్కనే, చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే కోలారు బంగారు గనుల్లో, 1965లోనే వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను పట్టుకున్నారు. అవి వేరే రకం. ఆ గని తరువాత మూతపడింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక ‘ఏది ఎంత’ సంగతి. భూమి నుంచి బయటికి వచ్చే మొత్తం వేడి సుమారు 44 టెరావాట్లు. మా భాషలో 500 మెగావాట్ల యూనిట్లు 88 వేలు. అందులో యురేనియం, థోరియంల వాటా సుమారు 20 అని 2011లో కామ్‌ల్యాండ్ వాళ్ళు తేల్చారు. పొటాషియందీ కలిపితే దాదాపు సగం. మిగతాది పుట్టినప్పటి వేడే. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద బొరెక్సినో అనే ఇంకో పరికరం పెట్టారు. వాళ్ళ లెక్కలో రేడియోధార్మికత వాటా సగానికన్నా ఎక్కువ వస్తోంది. అయితే రెండు లెక్కల్లోనూ తప్పుకి చోటు ఎక్కువే.

మాస్టారూ, సగమే రాశానని మీరు వేసిన అర మార్కు జపాన్ లెక్క ప్రకారం సరిగ్గా సరిపోయింది. మిగతా అర మార్కు ఇప్పుడే అడగను. పొటాషియం నుంచి వచ్చేవాటికి శక్తి తక్కువ. ప్రోటాన్‌ను తాకినా ఆ జంట మెరుపు రాదు, వాటిని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. పిల్లల్లో ఎవరికైనా ఎలా పట్టాలో ఆలోచన తడితే భోజనాల దగ్గర నన్ను కలవండి. సాంబారు గిన్నె పక్కనే ఉంటాను.