ల్యాప్‌టాప్ లేవడానికెందుకంత ఆలస్యం?

చిత్తూరు, పలమనేరు నుంచి తిరుపతికి చదువులకొచ్చే పిల్లల గదుల్లో అన్న వాడిన ల్యాప్‌టాపే తమ్ముడికి దక్కుతుంది. బటన్ నొక్కి టీ తాగొచ్చినా తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

అందరూ ముందు వైరస్‌నే అనుమానిస్తారు. కానీ చాలాసార్లు కారణం వాటంతటవే మొదలయ్యే యాప్‌లు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ జాబితా చూడాలి. పాటల యాప్, మీటింగుల యాప్, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్, అన్నీ పిలవకుండానే లేచి కూర్చుంటాయి! అక్కర్లేనివాటిని డిజేబుల్ చేస్తే సరి. యాప్ ఎక్కడికీ పోదు. యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ల్యాప్‌టాప్ త్వరగా లేచేందుకు విండోస్ 8తో 2012లో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా సిస్టమ్ కొంత భాగాన్ని డిస్కులో దాచుకుంటుంది. అంతా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్టే చేయాలి.

ఆపేటప్పుడు నసుగుతోందంటే అప్‌డేటో, సేవ్ చేయని ఫైలో అడ్డుపడి ఉండొచ్చు. పాత హార్డ్‌డిస్కయితే, దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించడమే అసలు వైద్యం.