కౌలు ఏ శాస్త్రం కిందికి వస్తుంది?



అర్థశాస్త్రానికీ సమాజశాస్త్రానికీ మధ్య హద్దు అనాదిగా ఉన్నట్టే మనం మాట్లాడుతుంటాం. అది నిన్న మొన్నటిది. ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో బోధించింది నీతిశాస్త్రం. 1759లో నైతిక భావాల మీద, 1776లో దేశాల సంపద మీద పుస్తకాలు వేశాడు. ఆయనకు ఆ రెండూ ఒకే చదువు. సమాజశాస్త్రం తన మూలపురుషుల్లో ఒకడిగా చెప్పుకునే మాక్స్ వేబర్ 1894లో ఫ్రైబుర్గ్‌లో చేరింది అర్థశాస్త్ర ఆచార్యుడిగానే.

పంపకం ఆ తర్వాత జరిగింది. పరిమితమైన వనరులను ఎన్నో అవసరాల మధ్య ఎలా సర్దుకుంటామో చూడటమే అర్థశాస్త్రమని 1932లో అర్థశాస్త్రవేత్త రాబిన్స్ నిర్వచించాడు. ఆ అవసరాలు ఎక్కడినుంచి పుడతాయో తన శాస్త్రం పని కాదన్నాడు. అర్థశాస్త్రం చదువుకునే వచ్చిన సమాజశాస్త్రవేత్త పార్సన్స్ 1937లో ఆ వదిలేసిన భాగాన్ని, అంటే విలువలను, సమాజశాస్త్రం వాటాగా తీసుకున్నాడు. అన్నదమ్ములు రాజీపడి గట్టు వేసుకున్నట్టయింది. 1957లో అర్థశాస్త్రవేత్త బెకర్ జాతి వివక్షను ధరల లెక్కతో వివరించి గట్టు దాటాడు గాని, దాన్ని కలయిక అనలేను. అది ఒకవైపు పనిముట్లతో రెండోవైపు సాగు చేయడమే. బజారు లావాదేవీ పరిచయాల్లో, బంధాల్లో వేళ్లూనుకుని ఉంటుందని 1985లో సమాజశాస్త్రవేత్త గ్రానోవెటర్ చూపిన దారే నాకు సరైనదనిపిస్తుంది.

మన దేశంలో ఈ చూపు కొత్తదేమీ కాదు. కొలంబియాలో అర్థశాస్త్రం చదువుతూనే అంబేద్కర్ 1916లో మానవశాస్త్ర సదస్సులో కులం మీద పత్రం చదివాడు. కులం పనిని పంచడంతో ఆగక పనివాళ్లనే విడదీస్తుందని 1936లో తేల్చి చెప్పాడు. ఆ ఒక్క మాటలో రెండు శాస్త్రాలూ ఉన్నాయి.

ఇప్పుడు మన కౌలు రైతు సంగతి చూడండి. కౌలు చాలాచోట్ల నోటిమాట మీదే కుదురుతుంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. కార్డు చూపితే బ్యాంకు అప్పు ఇస్తుందన్నది ఆలోచన. కాని కౌలుదారు పేరు కాగితానికెక్కితే రేపు హక్కు అడుగుతాడేమోనని ఆసామి జంకాడు. ఆసామికి కోపమొస్తే వచ్చే ఏడు పొలం దక్కదని కౌలుదారు నోరు మెదపలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం కార్డుకు ఏకంగా ఆసామి సమ్మతినే షరతుగా పెట్టింది. కార్డు లేనివాడు ఎరువుల కొట్టులో అరువు తెచ్చుకుంటాడు, పంట చేతికొచ్చాక అక్కడే కాటా వేయిస్తాడు. ధరలో ఎంత కోత పడిందో అడిగే చోటు ఉండదు.

ఆ కోత రూపంలో కట్టే వడ్డీ ఎంతన్నది ఒక శాఖకూ, ఎవరు ఎవరిని నమ్మి ఏ కులం వాడికి పొలం ఇస్తారన్నది మరో శాఖకూ పంచేస్తే, ఆ వడ్డీ అంత ఎందుకుందో ఏ శాఖా చెప్పలేదు. బ్యాంకు లెక్కల్లో ఆసామి జంకు కనబడదు. కులం మీది సిద్ధాంత గ్రంథంలో వడ్డీ రేటు ఉండదు.

పాఠ్య ప్రణాళికలు ఖరారు చేసే ఆచార్యులకు నా విన్నపం ఒక్కటే. కౌలు మీద, వలస కూలీ మీద, చేనేత మీద పరిశోధన చేసే విద్యార్థికి రెండు శాఖల నుంచీ చెరొక పర్యవేక్షకుణ్ణి ఇవ్వండి. ఈ సభ ముగిసేలోగా ఆ తీర్మానం చేద్దాం.