మందుల డబ్బాను మొత్తంగా చూసేవారెవరు?

(షాబాద్‌లో జరిగిన ఆరోగ్య హక్కుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

హక్కుల సభ అనగానే రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, వక్ఫ్ భూములు గుర్తుకు వస్తాయి. అవన్నీ మాట్లాడుకోవలసినవే. ఈ పూట మాత్రం మన ఇళ్ళలో బీరువా మీదనో ఫ్రిజ్ మీదనో ఉండే ఒక డబ్బా గురించి మాట్లాడదలచుకున్నాము. ఒకప్పుడు అందులో బిస్కెట్లు ఉండేవి. ఇప్పుడు దాదా గోలీలు, అమ్మీ గోలీలు, ఎవరివో గుర్తులేని సగం కత్తిరించిన స్ట్రిప్పులు ఉంటున్నాయి. మేము మందుల పనిలో ఉన్నవారము. మాలో కొందరు మెడికల్ షాపులలో, కొందరు దవాఖానాల మందుల కౌంటర్లలో పనిచేస్తున్నారు. మా ముందుకు ఎప్పుడూ ఒక్క చిట్టీయే వస్తుంది. మొత్తం డబ్బా రాదు. డాక్టరు ముందుకూ రాదు. కనుక ఆ డబ్బాలోని మందులు ఒకదానితో ఒకటి సర్దుకుంటున్నాయో, కొట్లాడుకుంటున్నాయో చూసేవారే లేకుండా పోయారు.

ఒక ఉదాహరణ చెప్పుకుందాము. ఇది ఫలానా ఇంటి కథ అని కాదు, ఈ మండలంలో ఏ వీధిలోనైనా ఉండగల కుటుంబమని అనుకోండి. దాదాకు అరవై అయిదేళ్ళు. రక్తపోటుకు చేవెళ్ళలో చూపించుకొని టెల్మా-హెచ్ అనే మాత్ర వేసుకుంటున్నారు. షుగరుకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మెట్‌ఫార్మిన్ ఉన్నది. ఏళ్ళ తరబడి కూరగాయల మూటలు మోసిన మోకాళ్ళు నొప్పి పెడితే ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు డైక్లోఫెనాక్ ఇచ్చాడు. నొప్పి తగ్గింది గాని, కొన్ని వారాలకు కాళ్ళు వాచాయి. కొడుకు మెహదీపట్నం బస్సు ఎక్కించి నగరంలో ఒక డాక్టరుకు చూపించాడు. అక్కడ వాపు తగ్గడానికి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వ్రాశారు. విడివిడిగా చూస్తే ఈ నాలుగూ రోజూ లక్షలాది మంది వాడే మందులే.

ఇప్పుడు లోపల ఏమి జరుగుతున్నదో చూడండి. మన ప్రాంతపు రైతులకు డ్రిప్పు సేద్యం తెలుసు. ఫిల్టరు పనిచేయాలంటే పైపులో నీరూ ఉండాలి, తగినంత ఒత్తిడీ ఉండాలి. మూత్రపిండంలోని జల్లెడ కూడా అంతే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు జల్లెడలోకి రక్తం వచ్చే గొట్టాన్ని బిగిస్తాయి. టెల్మిసార్టన్ వంటి మందులు రక్తం బయటికి పోయే గొట్టాన్ని వదులు చేస్తాయి. మూత్రం పోయే మందు మొత్తం నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే జల్లెడ దగ్గర ఒత్తిడి పడిపోతుంది. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున, ఎండలో చెమట కారిన రోజున మూత్రపిండం ఉన్నట్టుండి పని ఆపవచ్చు. మూత్రపిండం మందగిస్తే మెట్‌ఫార్మిన్ శరీరంలో పేరుకుంటుంది. అలా నాలుగవ మందు కూడా కొత్త ప్రమాదమవుతుంది.

టెల్మా-హెచ్ అన్న పేరులో ‘హెచ్’ ఊరికే లేదు. అది హైడ్రోక్లోరోథయజైడ్, అంటే మూత్రం పోయే మందు. దాదా అప్పటికే అటువంటి మందు ఒకటి వేసుకుంటున్నారని నగరంలోని డాక్టరుకు తెలియాలంటే పాత స్ట్రిప్పు చూడాలి. ఇక ఆ కాళ్ళవాపు ఎక్కడినుండి వచ్చింది? నొప్పి మందులు శరీరంలో ఉప్పునూ నీటినీ నిలువ చేస్తాయి, రక్తపోటునూ పెంచుతాయి. వాపు నొప్పి గోలీ వలన వచ్చి ఉండవచ్చు. ఒక మందు తెచ్చిన బాధను కొత్త రోగమనుకొని, దానికి మరొక మందు మొదలుపెట్టడం అనుకున్నదానికంటే ఎక్కువగా జరుగుతుంది. అందుకే ఏ కొత్త బాధ వచ్చినా డాక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న, “ఇది నేను వేసుకుంటున్న మందుల వలన కావచ్చునా?” అన్నది.

రెండు మందులు కలిసినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న హైదరాబాదుకు కొత్త కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లోనూ 1889లోనూ, నేటి ఉస్మానియా దవాఖానాకు పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ దవాఖానాలో ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన క్లోరోఫారం కమిషన్లు పరీక్షలు జరిపాయి. నిజాం ఖర్చు భరించి లండన్ నుండి లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదు, శ్వాసను కనిపెట్టుకుంటే చాలునని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షలు చేసి, కొద్ది మోతాదు క్లోరోఫారంలో ఉన్న జీవికి అడ్రినలిన్ ఇస్తే గుండె లయ తప్పి ఆగిపోతుందని చూపించాడు. హైదరాబాదులో ప్రశ్న ఒక్క మందు మీద అడిగారు. జవాబు మరొక మందు కలిసిన చోట దొరికింది. ఎంతో శ్రద్ధతో, ధనంతో జరిగిన పని కూడా అక్కడ చిక్కుపడింది.

ఈ విషయంలో జపాన్ పాఠం మనకు ఇంకా దగ్గరిది. 1993లో అక్కడ సోరివుడిన్ అనే మందు బజారులోకి వచ్చింది. అది శరీరంపై నీటిపొక్కులతో వచ్చే సర్పి వ్యాధికి. అదే సమయంలో క్యాన్సరుకు ఫ్లోరోయురాసిల్ జాతి మందులు వాడుతున్నవారికి కూడా అది ఇచ్చారు. సోరివుడిన్ ఆ క్యాన్సరు మందు శరీరంలో విరిగిపోకుండా అడ్డుకొన్నది, మందు విషస్థాయికి చేరింది. కొద్ది వారాలలోనే పదిహేను మంది మరణించారు. క్యాన్సరు మందు వ్రాసినవారొకరు, పొక్కుల మందు వ్రాసినవారొకరు. ఆ దుర్ఘటన తరువాత జపాన్‌లో రోగి చేతిలో ఉండే మందుల పుస్తకం వాడుకలోకి వచ్చింది. రోగి ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా, ఏ మందుల షాపుకు వెళ్ళినా ఆ చిన్న పుస్తకం వెంట వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో మందుల వలన కలిగే హానిని తగ్గించే కార్యక్రమం ప్రకటించినప్పుడు, ఒకే మనిషి అనేక మందులు వాడటాన్ని మూడు ముఖ్యాంశాలలో ఒకటిగా పెట్టుకున్నది.

మేము కోరేది కూడా ఆ పుస్తకమే. ఇరవై రూపాయల నోటుబుక్కు చాలు. అందులో బ్రాండు పేరుతోపాటు స్ట్రిప్పుపై చిన్న అక్షరాలలో ఉన్న అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఏ బాధకు, ఎవరు వ్రాశారు, ఎప్పటినుండి అన్నది ఉండాలి. పడని మందు ఏదైనా ఉంటే మొదటి పేజీలో ఎర్ర సిరాతో వ్రాయాలి. చివరి క్రియాటినిన్ పరీక్ష ఫలితం, తేదీ కూడా. కంటిలో వేసుకునే చుక్కలను మరువకండి. నీటికాసులకు వాడే టిమోలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పించగలవు. షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్కను అడగండి, బిల్లు అడగండి.

మనిషికొక పుస్తకం ఉండాలి. ఇంటికంతటికీ ఒకటి వద్దని మేము గట్టిగా చెబుతున్నాము. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్న కోడలు గర్భనిరోధక మాత్రలు కూడా వేసుకుంటుంటే, ఆ మాత్రలు సరిగా పనిచేయవు. ఈ సంగతి ఆమెకూ డాక్టరుకూ తెలియాలి. బావగారికి తెలియనక్కరలేదు. ఛాతీనొప్పికి నాలుక క్రింద సార్బిట్రేట్ పెట్టుకునే పెద్దమనిషి ఎవరికీ చెప్పకుండా సిల్డెనాఫిల్ వేసుకుంటే రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోవచ్చు. నిరాశకు, నిద్రకు వాడే మందులదీ అదే కథ. సిగ్గుపడి దాచే మందులే ఎక్కువ హాని చేయగలవు. ఇంట్లో గోప్యత దొరికితేనే డాక్టరు దగ్గర నిజం చెప్పగలరు.

పుస్తకం వ్రాసిన తరువాత ఎవరికి చూపాలి? 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు మందులిచ్చే రిజిస్టర్డు ఫార్మసిస్టుకు ఈ బాధ్యత పెట్టాయి. మందు ఎలా వాడాలి, దుష్ఫలితాలేమిటి, ఇతర మందులతో చిక్కులేమిటి అన్నది రోగితో మాట్లాడాలి. అయితే కొన్ని షాపులలో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడమీద వేలాడుతుంటుంది, మనిషి కనిపించడు. మా వృత్తివారికి ఇది గౌరవం తెచ్చే సంగతి కాదు. “ఫార్మసిస్టు ఎవరండీ? ఇవన్నీ కలిపి వేసుకోవచ్చునా?” అని కౌంటరు దగ్గర నిలబడి అడగండి. మీరు ఎవరినీ బతిమాలడం లేదు. అదే విధంగా, డాక్టర్లు మందుల జనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలతో వ్రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన మార్చింది. చదవలేని చిట్టీని తిరిగి అడిగి వ్రాయించుకోవచ్చు.

భాష సంగతి మన సమాజానికి ప్రత్యేకంగా తగులుతుంది. స్ట్రిప్పు మీద ఆంగ్లం. దాదీకి వచ్చినది ఉర్దూ. మనవడు బడినుండి వచ్చేదాకా ఆమెకు తెల్ల గోలీ, ఎర్ర గోలీ అన్న గుర్తులే ఆధారం. కంపెనీ మారితే రంగు మారుతుంది. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. ప్రభుత్వ దవాఖానాలో మందులిచ్చేటప్పుడు ‘సుబహ్, దోపహర్, షామ్’ అని కవరుమీద ఉర్దూలో వ్రాసి ఇవ్వాలని మన కార్యకర్తలు అర్జీ పెట్టాలి. ఖర్చు లేని కోరిక ఇది.

రమజాను గురించి విడిగా చెప్పాలి. రోజుకు మూడుసార్లు వేసుకునే మందులను సహరీకీ ఇఫ్తారుకూ కుదించేటప్పుడు చాలామంది అన్నీ ఒకేసారి మింగుతున్నారు. థైరాయిడ్ మాత్రను కాల్షియంతోగాని ఐరన్‌తోగాని కలిపి వేసుకుంటే అది రక్తంలోకి సరిగా చేరదు, నాలుగు గంటల ఎడం కావాలి. గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు కూడా ఒకేసారి వేసుకోకూడదు. మూత్రం పోయే మాత్రను సహరీలో వేసుకొని మండుటెండలో రోజంతా నీరు లేకుండా ఉండటం దాదా వంటివారికి ఎంత ప్రమాదమో ఇందాకటి జల్లెడ లెక్కే చెబుతుంది. గ్లిమెపిరైడ్ వేసుకొని ఉపవాసముంటే షుగరు పడిపోవచ్చు. షుగరు ఉన్నవారు రమజానుకు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే, అంటే రజబ్ నెలలోనే, డాక్టరుతో మాట్లాడాలన్నది అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాల మాట. మోతాదు, వేళ డాక్టరు మార్చాలి. మనం మార్చకూడదు.

యునానీ మందులు వాడేవారు మనలో ఎందరో. చార్మినార్ దగ్గరి నిజామియా దవాఖానా మన వారసత్వం. హకీముకూ డాక్టరుకూ ఒకరి మందు ఒకరికి తెలియాలన్నదే మా మనవి. దగ్గుకు వాడే ములేఠీని, అదే అతిమధురాన్ని, ఎక్కువ రోజులు తీసుకుంటే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. సనాయె మక్కీని నెలల తరబడి విరేచనానికి వాడినా పొటాషియం తగ్గుతుంది. గుండెకు డిగాక్సిన్ వాడేవారికి ఈ రెండూ ప్రమాదకరం. మూలికే కదా అని పుస్తకంలో వ్రాయకుండా వదలకండి.

పేర్లు వేరైనా మందు ఒకటే కావడం ఇంకొక చిక్కు. పారాసిటమాల్ లెక్క వేయండి. డోలో 650 రోజుకు నాలుగైతే 2,600 మిల్లీగ్రాములు. 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసిన నొప్పి గోలీ రెండైతే 650. జలుబు మాత్రలు చాలావాటిలో 500 ఉంటుంది, మూడు వేసుకుంటే 1,500. మొత్తం 4,750. పెద్దవారికి రోజుకు 4,000 పైబడితే కాలేయానికి ముప్పు. మూడు పేర్ల క్రింద ఒకే మందు దాగి ఉన్నదని స్ట్రిప్పు చదివితే తప్ప తెలియదు.

ఫోనులో మందుల పేర్లు కొడితే ఏది దేనితో పడదో చూపించే సాధనాలున్నాయి. పిల్లలు వాడవచ్చు. బ్రాండు పేరు కాకుండా అసలు పేరు ఇవ్వాలి, లేకుంటే మన దేశపు మాత్రలను అవి తరచు గుర్తుపట్టవు. చిన్న హెచ్చరికనూ పెద్దదిగా చూపి భయపెడతాయి కూడా. ఆ భయంతో మందు ఆపివేయడం మరొక ఆపద. మూర్ఛ మందు, కొన్ని గుండె మందులు, రక్తం పలచబడే మందులు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఎర్ర గుర్తు కనిపిస్తే దానిని ప్రశ్నగా పుస్తకంలో వ్రాసి డాక్టరు ముందు పెట్టండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతూ నొప్పి గోలీలు కూడా వేసుకునేవారికి మలం నల్లగా వచ్చినా, ఎవరికైనా మూత్రం బాగా తగ్గినా మాత్రం పుస్తకం గురించి ఆలోచించక వెంటనే దవాఖానాకు వెళ్ళాలి. మందు వలన హాని జరిగిందనుకుంటే రోగియే భారత ఔషధ నిఘా కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో పనిదినాలలో ఉచితంగా ఫోను చేసి తెలుపవచ్చు. దీనికి తెలుగు ఫారం కూడా ఉన్నది.

సభ వెనుక రెండు బల్లలు వేశాము. ముందుగా చెప్పినవారు డబ్బాలు వెంట తెచ్చుకున్నారు, తేనివారు ఇళ్ళకు వెళ్ళి తేవచ్చు, అస్ర్ వరకు మేము ఇక్కడే ఉంటాము. స్త్రీలకు వేరు బల్ల ఉన్నది, అక్కడ మా సహోద్యోగినులే కూర్చుంటారు. రక్తం పలచబడే మందు వాడుతున్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రోజుకు అయిదు మందులకు పైగా వేసుకునేవారు ముందు రండి. ఖాళీ పుస్తకాలు ఉన్నవి, ఉర్దూలో వ్రాసేవారు కూడా ఉన్నారు.