క్లచ్ వైరుకు కాస్త వదులు కావాలి

(ధూల్‌పేట్ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

మన ధూల్‌పేట్ గణపతి బొమ్మలకు పేరు. చవితి దగ్గర పడితే గల్లీల్లో నడవడానికి జాగా ఉండదు. ఆ బొమ్మలను మోసేవాటిలో ట్రాలీ ఆటోలూ ఉన్నాయి. మా ఇంటికి కూడా ఆటోయే అన్నం పెడుతుంది.

ఒక ఏడు సరిగ్గా చవితి ముందు మా బండి మొరాయించింది. బొమ్మతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. కాలిన వాసన వచ్చింది. "క్లచ్ ప్లేట్లు కాలిపోయినయ్, మార్చాలె" అన్నాడు మెకానిక్. అప్పు తెచ్చి మార్పించాం. కొన్ని నెలలకే మళ్లీ అదే రోగం. ఈసారి ఇంకొక పెద్దమనిషి చూశాడు. "వైరుకు వదులే లేదమ్మా! ప్లేట్లు కాలక ఏం చేస్తయ్?" అన్నాడు.

ఇంత చిన్న సంగతికి రెండుసార్లు అప్పు!

క్లచ్ అంటే ఏమిటి? ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది, కావాలన్నప్పుడు ఆపేది. లోపల గుండ్రని ప్లేట్లు ఉంటాయి. స్ప్రింగులు వాటిని గట్టిగా అదిమి పడతాయి. ఎడమ చేతి దగ్గరి క్లచ్ పిడి నొక్కితే వైరు లాగుతుంది. ప్లేట్లు విడిపోతాయి. అప్పుడు గేరు మార్చుకోవచ్చు.

బావిలో చేదతాడు గుర్తుందా? తాడు బిగబట్టి ఉంచితే బొక్కెన నీళ్లలో మునగదు. కాస్త వదిలితేనే మునుగుతుంది. క్లచ్ కూడా అంతే. వైరు మరీ బిగుతైతే, చెయ్యి తీసినా ప్లేట్లు పూర్తిగా పట్టుకోవు. జారతాయి, వేడెక్కి కాలతాయి. మరీ వదులైతే పూర్తిగా విడిపోవు. గేరు మార్చేటప్పుడు గరగరమంటుంది.

ఎంత వదులు ఉండాలి? చాలా బండ్లకు పిడి దగ్గర సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. మీ బండికి ఎంతో బండి పుస్తకంలో ఉంటుంది. అదే సరైన లెక్క.

ఎలా చూడాలి? ఇంజను ఆపండి. బండిని చదునైన చోట పెట్టండి. పిడిని రెండు వేళ్లతో మెల్లగా లాగండి. బరువు తగిలేదాకా ఎంత కదిలిందో స్కేలుతో కొలవండి. సరిచేయాలంటే వైరు కొసన ఉన్న చెక్ నట్ వదులు చేయాలి. పక్కనున్న స్క్రూను బయటికి తిప్పితే వైరు బిగుస్తుంది. లోపలికి తిప్పితే వదులవుతుంది. చివర నట్ బిగించి మళ్లీ కొలవాలి. సందు సరిగా ఉన్నా ప్లేట్లు జారుతుంటే, అవి అరిగి ఉండవచ్చు. అరిగితే మార్చక తప్పదు.

ఇంకొక మాట. బండి నడిచేటప్పుడు ఊరికే పిడి మీద వేళ్లు ఆనించి ఉంచినా ప్లేట్లు కాలతాయి. ఇంట్లో నడిపేవాళ్లకు ఇది చెప్పండి.

కార్లలో ఏసీ కంప్రెసర్ పుల్లీకి కూడా క్లచ్ ఉంటుంది. అక్కడ సందు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే. సన్నని రేకు దూర్చి కొలుస్తారు.

అక్కలారా! ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చాయి, అంకెలు వచ్చాయి. ఈ రాత్రి బండి పుస్తకం బయటికి తీయండి. క్లచ్ అన్న మాట వెతకండి. దాని పక్కనున్న అంకె చదవండి. రేపు పొద్దున బండి కదలకముందే స్కేలు పెట్టి చూడండి.