చిన్న అనుమానం – పెద్ద మేలు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కె.జి.ఎఫ్. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడ భూమికి మూడు కిలోమీటర్లకు పైగా లోతున పనిచేసిన మన పెద్దలకు రాళ్లు పేలడమంటే ఏమిటో తెలుసు. రాతిలో చిన్న చప్పుడైనా నిర్లక్ష్యం చేయకూడదు. కంప్యూటరు పనిలోనూ ఇదే నీతి.

1993లో మొదలైన డెబియన్ అనే లినక్స్‌ను దేశదేశాల్లోని స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేస్తున్నారు. అందులో వేలాది ప్యాకేజీలున్నాయి. ఒకదాన్ని మారిస్తే దానిపై ఆధారపడినవి చెడిపోవచ్చు. అందుకని కొత్త మార్పు సాధారణంగా ముందు ‘అన్‌స్టేబుల్’లోకి వస్తుంది. కొన్ని రోజుల్లో పెద్ద తప్పులేవీ బయటపడకపోతే ‘టెస్టింగ్’లోకి వెళుతుంది. అదంతా కుదుటపడ్డాక ‘స్టేబుల్’గా విడుదలవుతుంది.

ఇంత జాగ్రత్త ఉన్నా పొరపాటు జరిగింది. ఒక పరీక్షా సాధనం హెచ్చరిక చూపుతోందని 2006లో ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో రెండు వరుసలు పనిచేయకుండా చేశారు. దానితో రహస్య తాళంచెవులు సులభంగా కనిపెట్టగలిగేంత బలహీనమయ్యాయి. 2008 మే నెలలో లూసియానో బెల్లో కనుగొన్న విషయం ప్రకటించేదాకా అది లోకానికి తెలియలేదు.

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డెబియన్ అన్‌స్టేబుల్‌లో పనిచేస్తూ, ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. పోనీలే అని ఊరుకోలేదు. వెతికితే, ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టినట్టు తేలింది. అది స్టేబుల్‌కు చేరకముందే ఆగింది. ఆ అర సెకను అనుమానం ఎన్నో కంప్యూటర్లను కాపాడింది.

పిల్లలూ! తప్పును తెలపడానికి డిగ్రీ అక్కర్లేదు, రుసుము లేదు. ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్, మీరు ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది – ఈ అయిదూ స్పష్టంగా రాసి ఈమెయిల్ పంపితే చాలు. అయితే అదే తప్పును అంతకుముందే ఎవరైనా రాశారేమో చూడండి. ఎవరినీ నిందించకండి.

డెబియన్‌ను కంప్యూటరులో ఎక్కించే ప్రోగ్రాం తెలుగులోనూ ఉంది. అందులో మాట తప్పుగా పడితే, తెలుగు చదివే మీకంటే బాగా ఎవరు చెప్పగలరు? కోలారు జిల్లా విద్యార్థి రాసిన నాలుగు వాక్యాలు ఎక్కడెక్కడి వాళ్లకో ఉపయోగపడతాయి.

మీ చదువుకు ఈ రోజు నలుగురు సాయపడ్డారు. రేపు మీరు పదిమందికి ఇలా సాయపడాలని ఆశీర్వదిస్తూ సెలవు తీసుకుంటున్నాను.