వేసవి నిమ్మకాయ



వేసవి వచ్చిందంటే నిమ్మకాయల దగ్గర మనం బేరమాడే తీరు మీకు తెలియనిదా! అవే కాయలు ఆషాఢ శ్రావణాల్లో కుప్పలు పోసి అమ్ముతారు. పిల్లవాడు ఎండలోంచి వచ్చి నిమ్మరసం అడిగే రోజుల్లోనే కాయ ప్రియమవుతుంది. మన నిమ్మ ముఖ్యంగా పూసేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. పూత కాయ కావడానికి అయిదారు నెలలు. అంటే ఎండలు వెళ్ళాక కాయ దిగుతుందన్న మాట.

మధ్యధరా సముద్రంలో సిసిలీ అని ఓ ద్వీపం ఉంది. అక్కడి నిమ్మ మన గజనిమ్మకు చుట్టం. వెయ్యేళ్ళ కిందట అరబ్బులు పుల్లనారింజనూ, కాలవ సేద్యాన్నీ ఆ ద్వీపానికి తెచ్చారు. మన నారింజ, వాళ్ళ అరాంచా ఒకే మాట ఊళ్ళు తిరిగి మారినవే! అక్కడా ముఖ్యమైన పంట చలికాలంలోనే. వేసవి కాయ కోసం వాళ్ళు జూన్, జూలైల్లో చెట్టుకు నీళ్ళు మానేస్తారు. ఆకు వాడిపోతుంది. అప్పుడు ఎరువు వేసి నిండా నీళ్ళు పెడతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో చెట్టు విరగబూస్తుంది. మరుసటి వేసవికి కాయ. పచ్చగా ఉండగానే కోస్తారు కాబట్టి వెర్దెల్లి అంటారు.

మన గూడూరు వైపు నిమ్మతోటల రైతుకూ వేసవి కాయే డబ్బు. కానీ చిక్కేమిటంటే, దానికి సెప్టెంబరు, అక్టోబరుల్లో పూత రావాలి. అంతకుముందు చెట్టును ఎండగట్టాలంటే మనకు వానలాయె. సిసిలీలో వేసవిన వాన దాదాపు ఉండదు, వాళ్ళ అదృష్టం.

మా పుట్టిల్లు ఏటికొప్పాక, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే ఊరు. పెరట్లో మా మామ్మ వేసిన నిమ్మచెట్టు ఉండేది. ఈ సంగతి ఎక్కడో విని వచ్చి, ఓ మే నెలలో "మామ్మా, దీనికి నీళ్ళు పొయ్యకు" అన్నాను.

"నోరులేని దానికి నీళ్ళు మానిపించడమేమిటే!" అంది. అయినా నా మాట విన్నది. ఆకు వాడింది, కొంత రాలింది. ఇంకా రాలితే ఇంకా పూస్తుంది కాబోలని మరో పది రోజులు ఆపించాను. కొమ్మల చివర్లు ఎండాకగానీ నా తెలివి నాకు తెలియలేదు. నీళ్ళు పోస్తే ఒకే ఒక్క కింది కొమ్మ చిగిర్చింది. మామ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. బియ్యం కడుగునీళ్ళు మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా తనే మోసుకెళ్ళి పోసేది. మరుసటి ఏడు ఆ కొమ్మకు ఏడు కాయలు కాశాయి. ఆరు ఊరవేసి, ఒకటి నా చేతిలో పెట్టింది.

డాబా మీద తొట్టిలో నిమ్మ ఉన్నవారికి మాత్రం ఓ వీలుంది. ఆగస్టు చివర్లో తొట్టిని చూరు కిందికి జరిపి వాన తగలనివ్వకండి. తొట్టి మట్టి త్వరగా ఆరుతుంది, రోజూ చూడాలి. ఎండలో వాడిన ఆకు సాయంత్రానికి తేరుకుంటే భయం లేదు. పొద్దున్న లేచేసరికి కూడా వాడే ఉంటే ఇక ఆగకండి, ఆ పూటే మొదట కొద్దిగా, తర్వాత నిండుగా నీళ్ళు పొయ్యండి, గుప్పెడు పశువుల ఎరువు వెయ్యండి. ఇంకా కాపుకు రాని మొక్క జోలికి, కాయలున్న చెట్టు జోలికి మాత్రం వెళ్ళకండేం. సెలవు.