చిన్న సంఘము, సంవత్సర చక్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఒకే ఊరిలో పుట్టి, ఒకే చెరువు నీరు త్రాగి, ఒకే సంతలో బేరమాడువారికి సైతము పొరుగువారి ఆరాధన ఎట్టిదో సాధారణముగా తెలియదు. రామమందిరమున భజన జరుగును. పీర్లచావడి యెదుట గుండము రగులును. ఊరి చివర చర్చిగంట మ్రోగును. చెవికి వినబడుటయే కాని లోనికి పోయి చూచువారు అరుదు. క్రిస్మసునాడు వెదురుబద్దల నక్షత్రము వ్రేలాడగానే పండుగ వచ్చినదని అందరును ఎరుగుదురు. ఆ నక్షత్రమును దించివేసిన పిమ్మట తక్కిన సంవత్సరమంతయు ఆ చిన్న సంఘము ఏమి చేయును? ఎవరి బలమున నిలుచును? ఇది తెలిసికొనదగిన విషయము. అందుచే తెలుగు పల్లెలలోని బాప్తిస్టు సంఘము నేటి ప్రసంగమునకు విషయముగా గైకొనబడినది.

బాప్తిస్టులనగా ఎవరు? 'బాప్తిస్మము' అను మాట గ్రీకుభాషనుండి వచ్చినది. ముంచుట అని దాని అర్థము. క్రైస్తవులలో పెక్కు శాఖలవారు పసిబిడ్డలకే బాప్తిస్మము ఇత్తురు. బాప్తిస్టులు అట్లు చేయరు. బిడ్డను మందిరమునకు తెచ్చినప్పుడు ప్రార్థనచేసి తల్లిదండ్రుల చేతిలో పెట్టుదురు. ఆ బిడ్డ పెరిగి, బుద్ధి యెరిగి, తన విశ్వాసమును తన నోట చెప్పిననాడే నీటిలో నిండ ముంచి సభ్యునిగా చేర్చుకొందురు. తండ్రి సభ్యుడైనంత మాత్రమున కుమారుడు సభ్యుడు కాడు.

రెండవ విశేషము పాలనకు సంబంధించినది. వీరి సూత్రము ప్రకారము సంఘముపై బిషప్పు లేడు. ఏ ఊరి సంఘము తన్ను తానే పాలించుకొనవలెను. కాపరిని పిలుచుట, పరిచారకులను ఎన్నుకొనుట, సొమ్ము వెచ్చించుట, క్రొత్తవారిని చేర్చుకొనుట, ఇవన్నియు సభ్యుల సమ్మతిపై జరుగవలెను. పెక్కు సంఘములు కలిసి సమావేశముగా ఏర్పడుట కలదు కాని, అది పరస్పర సాహాయ్యమునకే. 1947లో కొన్ని శాఖలు ఏకమై దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు తెలుగు బాప్తిస్టులు అందు చేరక వేరుగనే నిలిచిరి.

తెలుగుదేశమున ఈ శాఖ పుట్టుక చిన్న సంఖ్యలతో కూడినది. అమెరికానుండి శామ్యూల్ డే 1836లో వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. పదునేండ్లు గడచినను చేరినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే. ఈ పనిని మూసివేయుదమా యని 1853లో అమెరికాలో చర్చ జరిగెను. పటముపై ఒంటిగా కనబడు కేంద్రము గనుక దీనికి 'ఒంటరి నక్షత్రము' అను పేరు వచ్చినది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులును, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండపై ప్రార్థనచేసిరి. వారు మొత్తము అయిదుగురు. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలులో సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు ఎనమండుగురు. ఉత్తరమున కాకినాడ కేంద్రముగా కెనడా బాప్తిస్టులు 1874నుండి పనిచేసిరి.

ఒంగోలు సీమలో ఈ సంఘము పల్లెలకు ప్రాకుటకు ముఖ్యకారకుడు తాళ్లకొండపాడు నివాసి యెర్రగుంట్ల పేరయ్య. ఈయన మాదిగ కుటుంబమున పుట్టి, తోళ్ల వర్తకము చేయుచు, యోగమార్గమున సత్యమును వెదకినవాడు. 1866లో బాప్తిస్మము పొందెను. ఆయన వెనుక ఆయన వారు రాసాగిరి. అప్పుడు ఒంగోలులోనున్న జాన్ ఎవరెట్ క్లౌ దొరకు చిక్కు వచ్చినది. అగ్రవర్ణములవారు తమ పిల్లలను ఆయన బడికి పంపుచుండిరి. చర్మకారులను చేర్చుకొనినయెడల తాము దగ్గరకు రాజాలమని వారు స్పష్టముగ చెప్పిరి. క్లౌ దంపతులు పేదలను చేర్చుకొనుటకే నిశ్చయించిరి. పెద్దయిండ్ల పిల్లలు బడికి దూరమైరి. చేర్చుకొనబడినవారు చచ్చిన పశువుల మాంసము మానిరి. దేవతల కొలువులలో డప్పు వాయించుట మానిరి. అందువలన ఊరి పెద్దల కోపమునకు గురియైరి. ఈ కథయంతయు ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' అను ఆంగ్లగ్రంథమున వివరింపబడినది.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. కూలికొరకు మతమున చేరిరను మాట రాకుండుటకై కరవు సాగినన్నాళ్లు బాప్తిస్మములు ఆపివేసెను. కరవు సడలిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి, వంతులవారీగా ఈ కార్యమును నెరవేర్చిరి.

చరిత్రలో ఆ ఒక్క దినమే ఎక్కువగా చెప్పబడుచున్నది. కాని 2,222 మంది మరునాడు తమ తమ పల్లెలకు పోయిరి. అక్కడ చెట్టునీడ తప్ప మందిరము లేదు. అక్షరము వచ్చినవాడు వాడకొక్కడు లేడు. వారిని సంఘముగా నిలిపినది ఏటేట, వారము వారము జరిగిన చిన్న పనులు. వాటినే ఇప్పుడు క్రమముగా చూడవలెను.

సంవత్సరము డిసెంబరు 31 రాత్రి మొదలగును. ఆ రాత్రి కూడుకొని, గడచిన ఏటి మేలును తలచి, ఆ ఏట పోయినవారిని పేరుపేరున స్మరింతురు. పండ్రెండు కొట్టగానే గంట మ్రోగును. తరువాత ఒక్కొక్కరు బైబిలు వచనము వ్రాసిన చీటీని తీసికొందురు, దానిని వాగ్దానమందురు. చదువురాని ముసలమ్మ తన చీటీని మనుమనిచేత చదివించుకొని, కంఠస్థము చేసి, ఏడాది పొడవునా చెప్పుకొనును. అట్లు వినివిని, అక్షరముల మీద వ్రేలు పెట్టి చదువు నేర్చినవారు కూడ కలరు. ఇండ్లకు పోయి స్త్రీలకు బోధించు బైబిలు స్త్రీలును, పాఠశాలను మందిరమును ఒకే పాకలో నడిపిన ఉపాధ్యాయులును వెనుకటి తరములలో ఈ విద్యకు పునాది వేసిరి.

శుభశుక్రవారమున మధ్యాహ్నము పండ్రెండు గంటలనుండి మూడు గంటలవరకు ఆరాధన జరుగును. సిలువపై యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరింతురు. చిన్న సంఘములో ఏడుగురు పండితులు ఎక్కడ దొరకుదురు? కాపరి ఒక మాట, ఉపాధ్యాయుడు ఒక మాట చెప్పుదురు. కూలిపనికి పోవు యువకుడు ఒకటి, స్త్రీల సమాజమునుండి ఒకామె మరొకటి చెప్పుదురు. మొదటి యేడు కాళ్లు వణకును. మూడవ యేడు మాట నిలుచును. పల్లెలలో సభలయందు ధైర్యముగ మాటాడువారు కొందరు ఈ బల్లయొద్దనే మాట నేర్చిరి.

ఈస్టరు తెల్లవారుజామున శ్మశానవాటికకు పోవుదురు. ముందుగనే కలుపు పెరికి, సమాధులకు సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. పట్టణములకు పోయినవారు క్రిస్మసునకు రాకపోయినను ఆనాటికి వచ్చుట కలదు. తల్లిదండ్రుల సమాధులు ఊరికి కట్టివైచిన పగ్గము వంటివి.

వేసవిలో పిల్లలకు సెలవుల బైబిలు పాఠశాల జరుగును. పాటలు, కథలు, ఆటలు ఉండును గనుక ఇతరుల ఇండ్ల పిల్లలు కూడ వత్తురు. పాటలకు పెద్ద నిధి 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటము. అందు పురుషోత్తమ చౌదరి (1803–1890) రచనలు ముఖ్యములు. రాగతాళములతో తెలుగు కీర్తన నడకలో ఉండుటచే అవి పామరులకును నోటికి వచ్చును. హార్మోనియము, తబలా, కంజీర, తాళములు చాలును.

బాప్తిస్మమునకు కాలువలో గాని, చెరువులో గాని నీరున్న కాలము చూచుకొందురు. దానికి ముందు అభ్యర్థిని సంఘము ఎదుట నిలిపి ప్రశ్నింతురు. సభ్యులు సమ్మతించిన పిమ్మటనే నీటిలోనికి దింపుదురు. గట్టుమీద అన్ని వాడలవారును నిలిచి చూతురు. తడిబట్టలతో గట్టెక్కిన వానికి ముసలివారు దుప్పటి కప్పుదురు. వచ్చు మొదటి ఆదివారమున ప్రభువు బల్లయొద్ద అతడు కూడ రొట్టెను, ద్రాక్షారసమును పుచ్చుకొనును.

పంట యింటికి వచ్చిన పిదప కోతపండుగ. వడ్లు, జొన్నలు, మిరపకాయలు, పందిటి సొర, గుమ్మడి, కోడిపుంజు, గ్రుడ్లు, ఏది కలిగిన అది తెత్తురు. ఆరాధన ముగిసిన పిదప వాటిని వేలము వేయుదురు. పేదరాలి నాలుగు గ్రుడ్లను ఒకడు పాడుకొని, తిరిగి సంఘమునకే ఇచ్చును. మరియొకడు మరల పాడుకొనును. అంగడిలో కొద్ది డబ్బులకు వచ్చు సరకు ఇచ్చట పదిరెట్లు పలుకును. ఇచ్చినామె తలయెత్తి కూర్చుండును.

ఇంతకంటె నిశ్శబ్దమైనది పిడికెడు బియ్యపు కానుక. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. ఆదివారమున దానిని మందిరమునకు తెచ్చును. నాడు కాపరి యింటి కూటికిని, దీపపు నూనెకును ఇదియే ఆధారము. పిడికెడు తీయుటవలన ఇంట ఎవరికిని కూడు తగ్గదు. నలుబది ఇండ్ల పిడికిళ్లు కలిసిన సంఘము నిలుచును.

డిసెంబరులో మందిరమునకు వెల్ల వేయుదురు. రాత్రులు యువకులు ఇంటింటికి పోయి పాడుదురు. పిల్లలు గొఱ్ఱెలకాపరుల వేషములతో నాటిక ఆడుదురు. పిదప ప్రేమవిందు. అందరును ఒకే పంక్తిలో కూర్చుండి భోజనము చేయుదురు. పేరయ్య కాలమున చెప్పులు కుట్టువాని ప్రక్కన కూర్చుండుటకు ఒల్లని దేశములో ఈ పంక్తికి అర్థము పెద్దది. అయినను నిజమును దాచరాదు. కులము చర్చిలోనికి రాకుండ ఆగలేదు. మాలలకు వేరు, మాదిగలకు వేరుగా మందిరములున్న ఊళ్లు నేటికిని కలవు. ఆ పంక్తి పూర్తికావలసియే యున్నది.

ఇక చివరిది, బయటివారికి కనబడనిది, సంఘపు వార్షిక సభ. దానికి తోరణములు లేవు, పాటలు లేవు. సభ్యులు చాపలపై కూర్చుందురు. కోశాధికారి లేచి జమాఖర్చులు చదువును: కానుకలు ఇంత, కోతపండుగ రాబడి ఇంత, బియ్యపు సొమ్ము ఇంత, కప్పు మరమ్మతు ఇంత, కరెంటు ఖర్చు ఇంత. ఎవరైనను లేచి అడుగవచ్చును. పరిచారకుల ఎన్నికకు చేతులెత్తుదురు. పది యెకరముల ఆసామి చేయి ఒకటి. నాట్లు వేయు కూలి స్త్రీ చేయి ఒకటి. స్వతంత్ర భారతమున వయోజనులందరు ఓటుచేసిన మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951–52లో జరిగెను. అంతకు చాలముందే కొన్ని పల్లెలలో పేదజనులు తమ సంఘవిషయములను తామే నిర్ణయించుకొను పద్ధతిని ఈ చాపలపై అభ్యసించిరి.

పండుగలన్నియు చెట్టు కొమ్మలైన ఈ సభ దాని వేరు. వేరు ఎండిన కొమ్మలు పచ్చగ నుండవు. విదేశ మిషనరీల కాలము గడచినది. చదివిన యువకులు హైదరాబాదునకును, దూరదేశములకును పోయినారు. పల్లె ఆదివారమున మందిరములో నెరసిన తలలే ఎక్కువ. ఇట్టి సమయమున దూరమున సంపాదించిన ఒకడు సొమ్ము పంపి, పాత పెంకుటింటి స్థానమున క్రొత్త కట్టడము లేపుట సులభము. అది మంచిదే. కాని అంతటితో పిడికెడు బియ్యపు కుండ మూతపడి, లెక్కలు చదువుట ఆగిపోయి, మాట అతనిదే యైనచో, మందిరము మిగులును గాని సంఘము మిగులదు. వార్షిక సభలు సక్రమముగ జరుగక, ఆస్తి తగవులు న్యాయస్థానముల కెక్కిన సంఘములు కలవు. అట్టిచోట గోడలు పడిపోలేదు, చేతులెత్తువారు తగ్గిరి.

ఇందుకు విరుగుడు క్రొత్తది కాదు. దూరముననున్నవారు సొమ్ముతోపాటు ఏడాదికొకసారి వార్షిక సభకు తామును రావలెను. యువకులకు పాటలు మాత్రమే కాక పద్దుపుస్తకము కూడ అప్పగింపవలెను. స్త్రీలు కుండలోని బియ్యమును తెచ్చుటయే కాక ఆ సొమ్ము ఎట్లు వెచ్చింపబడెనో అడుగవలెను.

గ్రంథాలయ సభ్యులకు ఈ మాట సులభముగ బోధపడును. గ్రంథాలయమును నిలుపునది బీరువా కాదు. చిన్న చందా, పుస్తకమును తిరిగి తెచ్చి యిచ్చు పాఠకుడు, ఏటేట సభకు వచ్చి లెక్కలు వినెడి సభ్యుడు. పొరుగువారి కోతపండుగకు ఒక గుమ్మడికాయ పాడుకొనుటకైనను పోయి, వారిని గ్రంథాలయ సభకు పిలిచి కూర్చుండబెట్టుకొనువారు ఈ గ్రామమున ఎల్లకాలము ఉందురుగాక. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునకును సభ్యుల చేతులమీదుగనే చేరుగాక.